మంచు నెలల్లో ఏ బీరు? మిషిగన్‌లో ఉన్న మనవాళ్ళ కోసం

హైదరాబాద్‌లో వైన్ షాపు కౌంటర్ ముందు నిలబడితే బీరు గురించి అడిగేది ఒకటే ప్రశ్న: "స్ట్రాంగా, లైటా?" ఆ ఒక్క ప్రశ్నతో పదేళ్ళు నెట్టుకొచ్చినవాణ్ణి నేను. మిషిగన్‌కి వచ్చిన మొదటి డిసెంబరులో ఆఫీసు వాళ్ళతో ఒక టాప్‌రూమ్‌కి, అంటే బీరు కాచిన చోటే పోసి ఇచ్చే గదికి, వెళ్తే, గోడ మీద సుద్దముక్కతో ఇరవై పేర్లు రాసి ఉన్నాయి. పోర్టర్, బ్రౌన్ ఏల్, డాపుల్‌బాక్, ఇంపీరియల్ స్టౌట్... స్ట్రాంగ్ అనే మాట గానీ లైట్ అనే మాట గానీ ఎక్కడా లేదు. పక్క టేబుల్ మీద చిన్న గ్లాసులో నల్లగా ఉన్నదేదో చూపించి "అది" అన్నాను. చిన్న గ్లాసే కదా అని రెండు తాగాను. మర్నాడు మధ్యాహ్నం దాకా మంచం దిగలేదు. బోర్బన్ విస్కీ పీపాల్లో నిల్వ పెట్టిన స్టౌట్ అనే నల్లబీరు అట అది. ఆల్కహాల్ 11 శాతం.

ఇప్పుడు నవంబరు వస్తే చాలు, నోవై, కాంటన్, ట్రాయ్ వైపున్న మనవాళ్ళు ఒక్కొక్కరే ఫోన్ చేస్తారు. "అన్నా, చలికాలం ఏ బీరు బాగుంటది?" అని. నేను తిరిగి అడిగేవి ఇవే: ఏం వండుతున్నారు? ఎంతసేపు కూర్చుంటారు? ఇంటికి కారు ఎవరు నడుపుతారు? బీరు రేటింగుల యాప్‌లో చుక్కలు చూసి కొన్నవాళ్ళలో సగం మంది ఫ్రిజ్‌లో అవి మార్చి దాకా అలాగే ఉంటాయి. నాకైతే చలికాలం బీరు అంటే ముందు బ్రౌన్ ఏల్, తర్వాత పోర్టర్. అందరూ ఫొటోలు పెట్టే పీపా స్టౌట్ భోజనం అయ్యాక, నలుగురు పంచుకునే వస్తువు. ఎందుకో చెప్తాను.

ముందు శాతం చూడండి, తర్వాతే పేరు

అమెరికాలో ఒక "డ్రింక్" అంటే 5 శాతం బీరు 12 ఔన్సులు, అంటే 355 మిల్లీలీటర్లు. ఈ లెక్కలో 11 శాతం స్టౌట్ 12 ఔన్సుల డబ్బా ఒకటి తాగితే రెండు డ్రింకులు దాటినట్టే. 7 శాతం ఐపీఏ (ఇండియా పేల్ ఏల్ అనే చేదు బీరు) 16 ఔన్సుల పైంటు కూడా దాదాపు రెండు డ్రింకులే. గ్లాసులు లెక్కపెట్టే అలవాటు మనల్ని మోసం చేసేది ఇక్కడే. చిన్న గ్లాసులో పోశారంటే తక్కువ ఇస్తున్నారని కాదు, అందులో సరుకు ఎక్కువ ఉందని అర్థం.

ఇంకో భ్రమ రంగుది. నల్లగా ఉంటే మత్తు ఎక్కువ అనుకుంటాం. నలుపు వచ్చేది బాగా మాడ్చిన బార్లీ వల్ల, ఆల్కహాల్ వల్ల కాదు. నల్లగా కనిపించే గిన్నెస్ డ్రాఫ్ట్‌లో ఉన్నది 4.2 శాతమే. బంగారు రంగులో అమాయకంగా కనిపించే కొన్ని ఐపీఏల్లో 10 శాతం ఉంటుంది. మనూళ్ళో స్ట్రాంగ్ బీరు సీసా మీద "8 శాతం వరకు" అని చూసి అంతకు మించి ఉండదనుకునే అలవాటుతో వస్తే, ఇక్కడ చలికాలం బీరు దగ్గర తప్పటడుగు వేస్తాం.

చలికి ఒళ్ళు వెచ్చబడుతుందని తాగేవాళ్ళకి ఒక మాట. మందు చర్మం కింద రక్తనాళాలని వెడల్పు చేస్తుంది, అందుకే వేడిగా అనిపిస్తుంది. నిజానికి లోపలి వేడి బయటికి పోతుంటుంది. జాకెట్ విప్పేసి డెక్ మీద నిలబడి ఫోన్ మాట్లాడే ముందు ఇది గుర్తుంచుకోండి.

ఐపీఏ గొడవ

మనవాళ్ళు ఎక్కువ మంది మొదట పట్టుకునేది ఐపీఏనే. పేరులో ఇండియా ఉందనో, ఆఫీసులో అందరూ అదే తాగుతారనో తెలీదు. మిషిగన్‌లో దానికి గొప్ప పేరుంది. కలమజూలో 1985లో మొదలైన బెల్స్ బ్రూవరీ (బీరు కాచే కంపెనీ) వాళ్ళ టూ హార్టెడ్ ఐపీఏ దేశమంతా తెలిసిన బీరు, 7 శాతం. వాళ్ళదే హాప్‌స్లామ్ జనవరి ప్రాంతంలో వస్తుంది. తేనె వేసిన డబుల్ ఐపీఏ, 10 శాతం. అది వచ్చిందని తెలియగానే షాపులకి ఫోన్లు చేసే జనం ఉన్నారు, వాళ్ళలో నేనూ ఒకణ్ణి.

కానీ ఐపీఏని మన కూరతో పెట్టుకోకండి. హాప్స్ (బీరుకి చేదు, వాసన ఇచ్చే పువ్వులు) చేదు, గ్యాస్, ఆల్కహాల్ మూడూ కారాన్ని ఎగదోస్తాయి. గుంటూరు మిరపకాయ వేసిన వేపుడు తిని టూ హార్టెడ్ గుక్క వేస్తే నాలుక మీద నిప్పు రాజుకున్నట్టే. కొందరికి అదే ఇష్టం, వాళ్ళతో వాదించను. ఐపీఏ తాగాలనుంటే వేయించిన జీడిపప్పుతోనో, ఉప్పు వేసిన పల్లీలతోనో, భోజనానికి ముందు ఒకటి. డబ్బా కింద తేదీ చూసి, రెండు నెలలు దాటితే వదిలేయండి. హాప్స్ వాసన పోయాక మిగిలేది చేదే. షాపులో తగ్గింపు ధరకి పెట్టిన ఐపీఏ చూసి ఆశపడితే తెలుస్తుంది, ఎందుకు తగ్గించారో.

బ్రౌన్, పోర్టర్: మన వంటకి చుట్టాలు

మాల్ట్ అంటే మొలకెత్తించి ఆరబెట్టి వేయించిన బార్లీ. రాగిమాల్ట్ తాగి పెరిగినవాళ్ళకి కొత్తగా చెప్పక్కర్లేదు. ఆ వేయించడం ఎక్కడ ఆపారన్న దాన్ని బట్టి రుచి మారుతుంది. బ్రౌన్ ఏల్‌లో వేయించిన పల్లీ, బిస్కెట్, కొంచెం పాకం వాసన. పోర్టర్‌లో ఇంకొంచెం ముందుకెళ్ళి కాఫీ, చాక్లెట్ దాకా వస్తుంది. రెండింట్లోనూ అడుగున ఉండే కొద్దిపాటి తీపి మన కారాన్ని చల్లారుస్తుంది. వేయించిన ఉల్లిపాయ, గరం మసాలా ఉన్న కూరకీ వేయించిన బార్లీకీ వాసన ఒక దారిలో ఉంటుంది. అందుకే బగారన్నం, మటన్ కూర పెట్టిన రోజు నా టేబుల్ మీద బ్రౌన్ ఏల్ ఉంటుంది. బెల్స్ వాళ్ళ బెస్ట్ బ్రౌన్ 5.8 శాతం. అది చలి మొదలయ్యే ముందే షాపుల్లోకి వస్తుంది, కనిపించినప్పుడు రెండు సిక్స్ ప్యాకులు తెచ్చి పెట్టుకుంటాను.

పోర్టర్‌కి వస్తే గ్రాండ్ ర్యాపిడ్స్‌లో ఫౌండర్స్ వాళ్ళు చేసేది 6.5 శాతం, దొరకడం తేలిక. డెట్రాయిట్ నది దగ్గరి అట్‌వాటర్ వాళ్ళ వెనిలా జావా పోర్టర్ ఇంకో దారి. కాఫీ, వెనిలా వాసనలు ముందుకొస్తాయి. మా ఆవిడ "ఇది బీరు కాదు, చల్లారిన ఫిల్టర్ కాఫీ" అంది, అయినా గ్లాసు తిరిగి ఇవ్వలేదు. బీరు చేదని ముఖం తిప్పుకునే వాళ్ళకి నేను మొదట పోసేది ఇదే. కూరతో మాత్రం ఫౌండర్స్‌దే మేలు. వెనిలాకీ వెల్లుల్లికీ పొసగదు.

మా ఆవిడది భీమవరం వైపు. కనుమ రోజు గారెలు, నాటుకోడి కూర ఉండాల్సిందే. సంక్రాంతి మూడు రోజులూ ఇక్కడ మిషిగన్‌లో చలి గడ్డకట్టించే రోజులు. పండగ నాడు మా ఇంట్లో ముట్టం గానీ, కనుమ సాయంత్రానికి ఆంక్షలు సడలుతాయి. గారెని కోడికూర పులుసులో ముంచి, పక్కన పోర్టర్ పెట్టుకుంటే మినప్పప్పు వేగిన వాసన, మాడిన బార్లీ వాసన కలిసిపోతాయి. నాకు తెలిసిన జోడీల్లో మొదటి స్థానం దీనిదే.

గోంగూర మటన్ మాత్రం వేరే దారి. పులుపు, మాడు చేదు కలిస్తే లోహపు రుచి వస్తుంది. గోంగూరకీ చేపల పులుసుకీ గోధుమ బీరు పెట్టండి. బెల్స్ వింటర్ వైట్ అలాంటిదే, 5 శాతం. తాగితే లవంగం వేశారేమో అనిపిస్తుంది కానీ మసాలా ఏమీ వేయరు, ఆ వాసన బెల్జియం ఈస్ట్‌ది. ఊరు ఊరంతా నల్లబీరు వెంట పడే నెలల్లో తెల్లగా, తేలిగ్గా ఉండే ఈ బీరుని ఎవరూ పట్టించుకోరు. నాలుగు గంటలు పేకాడే రాత్రికి ఇంతకంటే మంచిది లేదు.

లాగర్, అంటే చల్లటి చోట నెమ్మదిగా పులియబెట్టే బీరు గురించి తక్కువే చెప్తాను. మిరపకాయ బజ్జీ, పకోడీ, సకినాలు ఉంటే మంచి లాగర్ చాలు. నూనెని గ్యాస్ కోస్తుంది, అంతే. ఎర్రగా ఉండే వియన్నా రకం దొరికితే సకినాల్లో నువ్వులకీ వాముకీ బాగా కుదురుతుంది. జర్మన్ డాపుల్‌బాక్ అనేది లాగర్ కుటుంబంలో పెద్దన్న. మ్యూనిక్‌లో క్రైస్తవ సన్యాసులు ఉపవాస దినాల కోసం కాచిన బీరు అది. 7, 8 శాతం దాకా ఉంటుంది, రొట్టెలా నిండుగా ఉంటుంది. అరిసెతో తాగి చూడండి. బెల్లానికి బెల్లం తోడైనట్టుంటుంది.

స్టౌట్ ఎప్పుడు?

స్టౌట్‌లో మూడు మెట్లున్నాయి. మొదటి మెట్టు మామూలు స్టౌట్, 5 శాతం అటూ ఇటూ. రెండోది ఓట్స్, పాలచక్కెర లాంటివి కలిపి మెత్తగా చేసినవి. పాలచక్కెరని ఈస్ట్ తినలేదు, అందుకే తీపి మిగులుతుంది. పాలు పడనివాళ్ళు లేబుల్ మీద "మిల్క్ స్టౌట్", "లాక్టోస్" అనే మాటలు చూసుకోవాలి. ఫౌండర్స్ బ్రేక్‌ఫాస్ట్ స్టౌట్ ఈ మెట్టు పైఅంచున ఉంటుంది. ఓట్స్, చాక్లెట్, రెండు రకాల కాఫీతో 8.3 శాతం. ఒకటి తాగితే పూటకి సరిపోతుంది.

మూడో మెట్టు పీపా స్టౌట్లు, మొదటి డిసెంబరులో నన్ను పడగొట్టినవి. మిషిగన్‌లోనే ఉన్న హాలండ్ అనే ఊళ్ళో న్యూ హాలండ్ వాళ్ళ డ్రాగన్స్ మిల్క్ 11 శాతం, ఏడాదంతా దొరుకుతుంది. ఫౌండర్స్ కేబీఎస్ 12 శాతం చుట్టూ ఉంటుంది. దాన్ని బోర్బన్ పీపాల్లో పోసి గ్రాండ్ ర్యాపిడ్స్ నేల కింద ఉన్న పాత జిప్సం గనిలో నిల్వ పెడతారు. అక్కడ ఎండాకాలమైనా చలికాలమైనా చల్లదనం మారదు. మామిడికాయ జాడీని చీకటి గదిలో పెట్టే మన పెద్దలకి ఈ ఉపాయం వివరించక్కర్లేదు.

ఈ రెండింట్లో ఏదంటే, మొదటిసారి తాగేవాళ్ళకి డ్రాగన్స్ మిల్క్. వెనిలా, కొబ్బరి వాసనలు తేలిగ్గా తెలుస్తాయి, వెతుక్కుంటూ తిరగనక్కర్లేదు. కాఫీ మీద పిచ్చి ఉన్నవాళ్ళు, ఒక డబ్బాని ఏడాది దాచగలిగే ఓపిక ఉన్నవాళ్ళు కేబీఎస్ తీసుకోండి. పీపా వద్దు, చిక్కని నల్లబీరు చాలు అంటే బెల్స్ ఎక్స్‌పెడిషన్, 10.5 శాతం. అది నాకు మరీ మాడు, కానీ దాన్ని అయిదేళ్ళు దాచి తాగే మిత్రుడు ఒకడున్నాడు, వాడి మాట వింటే నాది తప్పు.

ఏది తీసుకున్నా నాలుగు చిన్న గ్లాసుల్లోకి పంచండి. నాలుగు డబ్బాల ప్యాకు ధర మామూలు సిక్స్ ప్యాకుకి దాదాపు రెట్టింపు ఉంటుంది, ఒక్కడే కూర్చుని తాగితే జేబుకీ తలకీ రెండింటికీ బరువే. భోజనం అయ్యాక, సున్నుండతోనో ఫ్రూట్‌కేకుతోనో. బిర్యానీతో వద్దు. ఇంత చిక్కని బీరు, అంత మసాలా రెండూ మేమంటే మేమని కొట్టుకుంటాయి.

లోకల్ అంటే ఏది?

నేను పుట్టింది సూర్యాపేట దగ్గర పల్లెలో. అక్కడ చలికాలం అంటే ఈతకల్లు. చలికి పులియడం నెమ్మదిస్తుంది కాబట్టి పొద్దున దించిన కల్లు ఎండెక్కే దాకా తియ్యగా ఉంటుంది. ఏ చెట్టుదో, గీసింది ఎవరో కూడా తెలుసు. అలాంటి చోట నుంచి వచ్చినవాడికి "లోకల్" అనే మాట లేబుల్ మీద చూస్తే అనుమానం రాకుండా ఉండదు.

ఫౌండర్స్‌లో స్పెయిన్ కంపెనీ మహావ్ సాన్ మిగెల్ 2014లో 30 శాతం వాటా కొంది, 2019లో దాన్ని 90 శాతానికి పెంచుకుంది. బెల్స్‌ని 2021లో జపాన్ కిరిన్ కింద ఉన్న లయన్ కంపెనీ కొంది. అట్‌వాటర్ 2020లో మోల్సన్ కూర్స్ చేతికి వెళ్ళి, అక్కడి నుంచి 2024లో టిల్రే అనే కంపెనీ చేతికి మారింది. అంటే పైన నేను మెచ్చుకున్న వాటిలో చాలా వాటి లాభం ఊరు దాటి, దేశం దాటి పోతోంది. బీరు మాత్రం బెల్స్‌ది కలమజూ పక్కనే కాస్తున్నారు, ఫౌండర్స్‌ది గ్రాండ్ ర్యాపిడ్స్‌లోనే. ఉద్యోగాలూ అక్కడివాళ్ళవే. దీన్ని లోకల్ అనాలా వద్దా అని ప్రతి చలికాలం మా గుంపులో వాదన జరుగుతుంది, తేలదు.

యజమాని కూడా సొంతవాడే కావాలి అనుకుంటే డబ్బా మీద తలకిందులుగా ఉన్న సీసా ముద్ర వెతకండి. క్రాఫ్ట్ (చిన్న, స్వతంత్ర) బ్రూవరీ కాని మద్యం కంపెనీలకి 25 శాతం వాటా కూడా లేని బ్రూవరీలే దాన్ని వాడతాయి, 2017 నుంచి ఉంది. ఇంతకంటే తేలిక దారి మీ ఊరి టాప్‌రూమ్. మిషిగన్‌లో చిన్న ఊళ్ళలో కూడా ఒకటి ఉంటుంది. ఎదురుగా ట్యాంకులు కనిపిస్తుంటాయి, పోసేవాడే కాచినవాడు అయ్యుంటాడు. చలికాలం వాళ్ళ దగ్గర చేసే బీరు అక్కడే అయిపోతుంది, షాపులకి రాదు. బెంగళూరులో పనిచేసి వచ్చినవాళ్ళలో కొందరికి ఆర్బర్ బ్రూయింగ్ పేరు గుర్తుండొచ్చు. 2012లో అక్కడ తెరిచిన ఆ చోటికి పేరిచ్చింది మన పక్కనున్న ఆన్ ఆర్బరే.

టాప్‌రూమ్‌కి మొదటిసారి వెళ్తే పూర్తి గ్లాసు అడక్కండి, ఫ్లైట్ అడగండి. నాలుగైదు చిన్న గ్లాసులు ఒక చెక్క మీద పెట్టి తెస్తారు. తక్కువ శాతం నుంచి ఎక్కువకి వెళ్ళండి, ఐపీఏని చివర్లో పెట్టుకోండి. ముందే ఆ చేదు తగిలితే తర్వాత బ్రౌన్ ఏల్ నీళ్ళలా అనిపిస్తుంది. నచ్చినది 32 ఔన్సుల డబ్బాలో అప్పటికప్పుడు నింపి మూత బిగించి ఇస్తారు, క్రౌలర్ అంటారు. మూత తీశాక ఆ రోజే తాగేయాలి. 64 ఔన్సుల గాజు గ్రౌలర్ చూడ్డానికి బాగుంటుంది గానీ, ఇద్దరున్న ఇంట్లో సగం గ్యాస్ పోయి సింకులోకే వెళ్తుంది.

ఇంట్లో పెట్టుకోవడం

మంచు కాలంలో గరాజే పెద్ద ఫ్రిజ్ అని ఇక్కడ ఒక నమ్మకం. నేనూ నమ్మాను. ఒక జనవరి రాత్రి మైనస్ 18కి పడిపోయింది, పొద్దున చూస్తే రెండు సిక్స్ ప్యాకుల్లో ఏడు డబ్బాలు పగిలి, కారు టైరు చుట్టూ గోధుమ రంగు ఐసు. 5 శాతం బీరు మైనస్ రెండు, మూడు డిగ్రీల దగ్గరే గడ్డకట్టడం మొదలుపెడుతుంది. 11 శాతం స్టౌట్ ఇంకొంచెం తట్టుకుంటుంది గానీ ఆ రాత్రికి అదీ ఆగదు. బేస్‌మెంట్‌లో మెట్ల కింద చీకటి మూల ఉంటుంది చూడండి, అదే సరైన చోటు.

తాగేటప్పుడు లాగర్, గోధుమ బీరు ఫ్రిజ్‌లోంచి తీసి నేరుగా పోయండి. బ్రౌన్, పోర్టర్ ఒక పది నిమిషాలు బయట పెట్టండి. పీపా స్టౌట్‌కి అరగంట కావాలి. 12, 13 డిగ్రీలకి వస్తే తప్ప అది నోరు విప్పదు. "చిల్డ్ బీర్" అని అడిగి అలవాటైన మనకి ఇది అన్నిటికంటే కష్టమైన పాఠం. మా మామగారు వచ్చినప్పుడు అంత ఖరీదు స్టౌట్‌లో రెండు ఐసు ముక్కలు వేసుకున్నారు, నేను అటు తిరిగి నిలబడ్డాను.

ఇంకొకటి. ఖాళీ డబ్బాలు చెత్తలో వేయకండి. మిషిగన్‌లో ఒక్కోదానికి 10 సెంట్లు డిపాజిట్ కొనేటప్పుడే కట్టి ఉంటారు, మైయర్‌లోనో క్రోగర్‌లోనో మెషీన్‌లో వేస్తే చీటీ వస్తుంది. మార్చి నెలాఖరుకి మా గుంపంతా కలిసి వేసిన డబ్బాల డబ్బుతో పోయినేడు ఒక సిక్స్ ప్యాకు బ్రౌన్ ఏల్ వచ్చింది, చిల్లర కూడా మిగిలింది.